బ్రేకు మీద పాదం

ఏడింటికే పిట్ లేన్‌లో పెట్రోలు వాసన లేచింది. గరాజ్‌ల షట్టర్లు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. ఒకరు టైర్లలో గాలి చూసుకుంటున్నారు, ఇంకొకరు బానెట్ ఎత్తి బ్యాటరీ కదులుతోందేమోనని లాగి చూస్తున్నారు. మీరు మీ స్విఫ్ట్‌లోంచి సామాను దించుతున్నారు. నీళ్ల సీసా, గొడుగు, ఫోను చార్జరు, డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి. అన్నీ అయ్యాయనుకునేసరికి స్క్రూటినీ చేసే ఆయన డ్రైవర్ సీటు ముందున్న రబ్బరు మ్యాట్ వైపు వేలు చూపించాడు. అదీ తియ్యాలి. అది జరిగి బ్రేకు కిందికి పోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మీరూ అడగలేదు.

చెన్నై నుంచి బెంగళూరు పోయే హైవే పక్కన, శ్రీపెరుంబుదూరు ఇంకా రాకముందే వచ్చే ఇరుంగాట్టుకోట్టై ఇది. హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ ఉన్నదిక్కడే. రేసు ట్రాకును 1990లో తెరిచారు. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. పాతవాళ్లు ఇప్పటికీ మద్రాసు మోటార్ రేస్ ట్రాక్ అంటారు గానీ బోర్డు మీద మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని ఉంటుంది. అంతకుముందు రేసులు షోళవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే మీద జరిగేవి. నెల్లూరు నుంచి తెల్లారకముందే వస్తూ మీరు దాని పక్కనుంచే వచ్చారు. చీకట్లో లారీల వెనక లైట్లు తప్ప ఏమీ కనపడలేదు.

ఇవాళ రేసు లేదు, ట్రాక్ డే. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకుని నడపొచ్చు. పొద్దున చెప్పిన నిబంధనల్లో కాళ్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. బూట్లు వేళ్లను మూసి ఉండాలి, అంతే. మీ బూట్లు మూసే ఉన్నాయి. మీ దగ్గరున్నవాటిలోకెల్లా హాయైనవి, పరుగుకని కొన్నవి. షాపులో లేసులు కట్టుకుని, నిలబడి, అద్దం దాకా నాలుగడుగులు నడిచి, మోకాళ్లకు ఏ అదురూ తెలియడం లేదని తృప్తిపడి డబ్బులు కట్టారు.

మీకు కేటాయించిన ఇన్‌స్ట్రక్టర్‌కు అరవై దాటి ఉంటాయి. గుమ్మిడిపూండి వైపు మనిషి. కారు నంబరు ప్లేటు చూసి తెలుగులోకి దిగిపోయాడు. "నెల్లూరా నైనా? రా, కూర్చో." సీటు ముందుకు జరిపించాడు. క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలన్నాడు. వీపును సీటుకు అతికించుకోమన్నాడు. మీ కాళ్ల వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు.

మొదటి రెండు చుట్లూ దారి చూసుకోవడానికే సరిపోయాయి. మూడో చుట్టులో మెయిన్ స్ట్రెయిట్ మీద యాక్సిలరేటర్ అడుగంటా తొక్కారు. పిట్ గోడ వేగంగా వెనక్కి పోతోంది, హెల్మెట్ లోపల మీ ఊపిరి మీకే వినపడుతోంది. "ఇప్పుడు!" అని పక్కనుంచి కేక. బ్రేకు తొక్కారు. ఏమీ జరగలేదు. రెప్పపాటే గానీ ఆ వేగంలో రెప్పపాటంటే చాలా దూరం. కంగారుగా ఇంకా తొక్కారు. అంతే, కారు ముక్కు నేలకు వంగింది, సీటు బెల్టు ఛాతీని పట్టేసింది, ఏబీఎస్ గరగరలాడింది. మరీ ఎక్కువైందని కాలు కొంచెం తీశారు. కొంచెమే తీద్దామనుకున్నారు, సగం బ్రేకు పోయింది. కారు మలుపులోకి ఊగుతూ దూరింది.

అక్కడ జరగాల్సింది వేరు. స్ట్రెయిట్ చివర మొదటి నొక్కుడే గట్టిగా పడాలి. వేగం తగ్గేకొద్దీ, స్టీరింగు తిప్పేకొద్దీ, పాదం ఆ బరువును కొంచెం కొంచెంగా వదలాలి. బ్రేకు వెయ్యడం అందరికీ వస్తుంది, వదలడం నేర్చుకోవడానికే జనం ఇంత దూరం వస్తారు. అది పిక్క బలంతో అయ్యే పని కాదు. బొటనవేలి మొదట్లో ఉండే ఎముక బుడిపె చెయ్యాలి.

తర్వాతి మలుపుకు గేరు దించాలి. ఇక్కడే అసలు సర్కస్. కుడిపాదం ముందుభాగం బ్రేకు మీదే ఉండాలి, ఎడమకాలు క్లచ్ తొక్కాలి, అదే క్షణంలో కుడిపాదం బయటి అంచు పక్కకు ఒరిగి యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టాలి. కింది గేరుకు తగినంత ఇంజన్ వేగం అందితేనే క్లచ్ వదిలినప్పుడు చక్రాలు కుదుపు లేకుండా తిరుగుతాయి. హీల్ అండ్ టో అంటారు దీన్ని. మీరు పాదం ఒరిగించబోయారు. ఒరగలేదు. పరుగు బూటు మడమ దగ్గర వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, పరిగెత్తేవాడి కాలు మడతపడకుండా. ఆ వెడల్పే ఇప్పుడు మీ పాదాన్ని నేలకు నిలేసింది. బలవంతంగా తిప్పితే, మీ కాలి అంచు కంటే వేలెడు బయటికున్న సోలు అంచు ముందే పోయి యాక్సిలరేటర్‌ను నొక్కేసింది. బ్రేకు వేస్తున్న కారు ముందుకు ఎగిరింది. "పర్వాలేదు, పర్వాలేదు" అన్నాడాయన. ఆ గొంతులో పర్వా ఉంది.

పిట్‌లోకొచ్చి ఇంజన్ ఆపగానే ఆయన దిగి, కారు చుట్టూ తిరిగి, మీ తలుపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మీ బూటు మడమను బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది. "ఎంత పెట్టి కొన్నావు నైనా?" చెప్పారు. తల పంకించి, "మంచి బూట్లే" అన్నాడు. "పరిగెత్తేదానికి."

జేబులోంచి బాల్‌పెన్ను తీసి మీ పాదాల ముందు నేల మీద పెట్టాడు. సీట్లో పక్కకు తిరిగి కూర్చుని, కళ్లు మూసుకుని, మడమ నేల మీద ఆనించి, పెన్ను మీద కాలి ముందుభాగం పెట్టమన్నాడు. పెన్ను నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? మీకు తెలియలేదు. అసలు పెన్ను ఉన్నట్టే తెలియలేదు. బొంత మీదనుంచి నాడి పట్టుకున్నట్టుంది.

పరుగు బూట్ల తయారీ అంతా ఇప్పుడు అటువైపే పోతోంది. రోడ్డు పరుగు పందేల్లో సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధనే పెట్టాల్సి వచ్చింది, లేకపోతే ఇంకా పెంచేవాళ్లే. నేల నుంచి వచ్చే ప్రతి దెబ్బనూ మింగెయ్యడం ఆ ఫోమ్ పని. దాని పని అది చక్కగానే చేస్తుంది. బ్రేకు పెడల్‌లోంచి వచ్చే కబుర్లనూ అంతే చక్కగా మింగేస్తుంది. మీరు నొక్కినదానిలో మొదటి వంతు ఫోమ్ అణగడానికే పోతుంది. వదిలినప్పుడు ఆ ఫోమ్ తనంతట తాను పొంగుతుంది. బ్రేకు ఎంత పడాలో మీతోపాటు మీ బూటు కూడా నిర్ణయిస్తోందన్నమాట.

ఆయన తన కారు డిక్కీ తెరిచాడు. ప్లాస్టిక్ పెట్టెలో రకరకాల బూట్లు. ఏళ్ల తరబడి శిష్యులు వదిలేసి పోయినవట, పాతబట్టల మూట వాసన కొడుతున్నాయి. పైన తెల్ల కాన్వాసు జత ఉంది. బడిలో పీటీ పీరియడ్‌కు వేసుకుని, శనివారం సాయంత్రం సున్నం పూసి ఆరబెట్టిన రకమే. పల్చటి రబ్బరు సోలు, లోపల నామమాత్రంగా గుడ్డ. ఆయన వాటినే మీ ముందు పడేశాడు. "ముందు ఇవి. ఖరీదైనవి తర్వాత." పెన్ను పరీక్ష మళ్లీ. అడ్డంగా ఉంది. ఈసారి వెంటనే చెప్పారు.

పల్చగా ఉంటే చాలనుకుంటే ఒట్టికాళ్లతోనే నడపొచ్చుగదా అని మీరు అడగనే అడిగారు. ఆయన నవ్వాడు. రోడ్డు మీద చాలామంది నడుపుతారు. ఇక్కడ బ్రేకు మీద పడే బరువు వేరు, చెమట పట్టిన అరికాలు పెడల్ మీద జారుతుంది, గట్టి నొక్కుడుకు పెడల్ అంచు ఒకే చోట కోసుకుపోతుంది. ఇక చెప్పులంటారా, వాటికి మడమ దగ్గర పట్టు ఉండదు, కాలు యాక్సిలరేటర్ నుంచి బ్రేకుకు పోయేటప్పుడు చెప్పు అక్కడే ఉండిపోగలదు, లేదా మడతపడి పెడల్ కింద ఇరుక్కోగలదు. చెప్పులతో బండి నడిపితే జరిమానా అని ఊరంతా పుకారు పుట్టినప్పుడు, అలాంటి నిబంధనేదీ లేదని కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ కార్యాలయం 2019లో వివరణ ఇచ్చింది. జరిమానా లేకపోవచ్చు. ట్రాకు మీదికి మాత్రం రానివ్వరు.

పెట్టెలో అడుగున తోలు మొకాసిన్ జత ఒకటి కనపడింది, సోలు నిండా చిన్న చిన్న రబ్బరు బుడిపెలతో. డ్రైవింగ్ షూ అని మన మాల్స్‌లో అమ్మేవాటి పూర్వీకులివే. ఇటలీలో బూట్ల తయారీకి పేరున్న విజెవానో ఊళ్లో 1963లో కార్ షూ అనే కంపెనీ ఈ తరహా మొదలుపెట్టింది. తర్వాత టాడ్స్ కంపెనీ తన గొమ్మీనో మొకాసిన్‌కు 133 బుడిపెలు పెట్టి దాన్ని పెళ్లిళ్ల దాకా తీసుకొచ్చింది. ఆ బుడిపెలు మడమ వెనక కూడా పైకి పాకి ఉంటాయి. అలంకారం కాదది. డ్రైవరు మడమ నేల మీద ఒరిగి, వెనకంచు మీద తిరుగుతుంది. మామూలు తోలుబూటుకు అక్కడే తోలు గీసుకుపోతుంది. ఆలోచన గొప్పదే. ఊరి బయట ఆదివారం షికారుకు ఇంతకంటే హాయైన బూటు లేదంటాన్నేను. ఈ మలుపుల మధ్య మాత్రం పనికిరాదు, లేసు లేదు కాబట్టి గట్టి బ్రేకులో పాదం లోపల ముందుకు జారుతుంది.

ఇటలీ అనగానే సిసిలీ సంగతి చెప్పకుండా ఉండలేను. అక్కడ చెఫాలూ అనే సముద్రపు ఊళ్లో చిచ్చో లిబెర్తో అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. దగ్గర్లోని మదోనియే కొండల్లో తార్గా ఫ్లోరియో రేసు జరిగేది, ఒక్కో చుట్టు 72 కిలోమీటర్లు, అంతా ఊళ్ల మధ్య మామూలు రోడ్లే. అన్ని మలుపుల్లో గంటల తరబడి పెడల్స్ తొక్కాల్సిన డ్రైవర్లకు 1960ల నుంచి ఆయన మెత్తటి తోలుతో, పల్చటి సోలుతో, కాలి కొలతకు సరిగ్గా బూట్లు కుట్టి ఇచ్చాడు. ఆ పేరు డ్రైవర్ల మధ్య నోటి మాటగా పాకి ఫార్ములా వన్ దాకా పోయింది. సైజు అంకెతో బూటు అమ్మే ఏ షాపూ ఆయనిచ్చింది ఇవ్వలేదు. ఆయన కాలిని కొలిచాడు.

రెండో సెషన్ కాన్వాసు బూట్లతో. పిట్ లేన్ దాటకముందే తేడా తెలిసింది. ఇంజన్ అదురు అరికాలికి సన్నగా తాకుతోంది. స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కగానే పెడల్ ఎక్కడ గట్టిపడుతుందో, ఆ గట్టి చోటు, దొరికింది. ఏబీఎస్ కొట్టుకునే ముందు టైర్లు పట్టు వదలబోతున్న చిన్న గరుకు ఒకటుంటుంది. అది ఇప్పుడు కాలికి అందుతోంది. పాదం ఒరిగించారు, అంచు యాక్సిలరేటర్‌ను తట్టింది, ఇంజన్ ఒక్కసారి అరిచింది, గేరు కుదుపు లేకుండా పడింది. పక్కనుంచి ఏమీ వినపడలేదు. ఆయన పొగడడని అప్పటికే తెలిసింది.

అయినా ఇబ్బంది లేకపోలేదు. పది నిమిషాలయ్యేసరికి కుడి మడమ మంట మొదలైంది. మ్యాట్ తీసేశారు కదా, కింద కార్పెట్టు, దాని కింద రేకు. శరీరం బరువులో కొంత ఆ ఒక్క చోటే ఆనుతోంది, సోలులోనేమో మెత్త లేదు. ఎడమకాలి సంగతి ఇంకోటి. క్లచ్ పని లేనప్పుడు దాన్ని పక్కనున్న కాలిపీట మీద గట్టిగా తన్ని పెట్టమన్నాడాయన. మలుపులో శరీరం పక్కకు పోకుండా ఆపేది స్టీరింగు కాదు, ఆ కాలే. కాన్వాసు బూటు మెత్తగా మెలితిరిగి, పాదం అందులో పక్కకు నడిచింది. మడమకు పట్టు చాలలేదు.

అందుకే మూడో సెషన్‌కు రేసు బూట్లు. చీలమండ దాకా వచ్చే పొడుగువి, మెత్తటి తోలువి, లేసుల పైన ఒక వెల్క్రో పట్టీ. తొడుక్కోగానే పాదం చుట్టూ బిగుసుకున్నాయి. సోలు పాదం అంచు దగ్గరే ఆగిపోయింది, బయటికి ఒక్క పిసరు కూడా లేదు. మడమ మూల గుండ్రంగా చెక్కినట్టుంది. ఎఫ్ఐఏ 8856-2000 అని కుట్టిన లేబుల్ చూపించాడాయన. నిప్పుకు తట్టుకునే రేసు దుస్తులకు అంతర్జాతీయ మోటారు క్రీడల సంఘం ఎఫ్ఐఏ పెట్టిన ప్రమాణం అది. దాని తర్వాతిది 8856-2018 వచ్చింది. అసలు రేసులో ఇలాంటి లేబుల్ లేని బూటుతో కారెక్కనివ్వరు. చీలమండ కప్పి ఉండటం కూడా అందుకే. సోలు రబ్బరు పెట్రోలుకు, నూనెకు కరగకూడదు. ట్రాక్ డేకు ఇవన్నీ తప్పనిసరి కాదు. కానీ సాక్సు మాత్రం నైలాన్‌వి వద్దన్నాడు. మంట తగిలితే నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నిప్పుకు తట్టుకునే నోమెక్స్ బట్టవి లేకపోతే నూలువి వేసుకోవాలి.

నడిచి చూస్తే ఇంత చెడ్డ బూటు ఇంకోటి లేదు. పిట్ గచ్చు మీద పడి ఉన్న ప్రతి రాయీ అరికాలికి గుచ్చుకుంది. షాపులో అయితే నాలుగడుగులకే విప్పి పారేసేవాళ్లు. కార్లో కూర్చుని మడమ ఆనించగానే అదే బూటు కాలికి చర్మమైపోయింది. మడమ మూల గుండ్రంగా ఉండటంతో పాదం ఎటు తిప్పితే అటు తిరిగింది. ఆ దగ్గరే రవ్వంత మెత్త వేసి ఉంది, మంట పుట్టలేదు. మెత్తదనం కావాల్సింది మడమ దగ్గర, కాలి ముందుభాగంలో కాదు. ఈ సంగతి తెలిసి కుట్టిన బూటుకూ తెలియక కుట్టినదానికీ తేడా ఇరవై నిమిషాల్లో బయటపడుతుంది. పేరున్న కంపెనీల రేసు తరహా బూట్లు చాలా ఉన్నాయి బజార్లో. పైకి రేసుబూటు రూపం, లోపల పరుగు బూటు ఫోమ్. వాటికి డబ్బు పొయ్యడం కంటే కాన్వాసు మేలని నా అభిప్రాయం.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం తింటూ ఆయన చెప్పిందంతా మీరు ఫోన్లో ఎక్కించుకున్నారు. బూటు నిలబడి కొనొద్దు, కూర్చుని కొను. షాపులో కుర్చీ ముందంచున కూర్చుని, కాలు చాచి, మడమ నేలకు ఆనించి, పాదాన్ని ముందుకు వంచు, పక్కకు ఒరిగించు. మడమ బూటులోంచి లేచిందా, వదిలెయ్. సాయంత్రం పో, అప్పటికి కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి, ఎండలో కారులో కూడా అలాగే ఉబ్బుతాయి. కార్లో వేసుకునే సాక్సే వేసుకుని పో.

"మన కాళ్లు వెడల్పు నైనా" అన్నాడు, తన పాదం చాచి చూపిస్తూ. చెప్పుల్లో, ఒట్టికాళ్లతో పెరిగిన వేళ్లు విచ్చుకుని ఉంటాయి. ఇటలీ బూట్ల ముందుభాగం సన్నం. చిటికెనవేలు నొక్కుకుంటోందని అందరూ చేసే పని ఒక సైజు పెద్దది కొనడం. వెడల్పు సరిపోతుంది, పొడుగు మిగిలిపోతుంది. ఆ మిగిలిన ముక్కు, యాక్సిలరేటర్ నుంచి బ్రేకుకు కాలు ఎగిరినప్పుడు, బ్రేకు పెడల్ కింది అంచుకు తట్టుకుంటుంది. ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో ఆలోచించుకో అన్నాడు. వెడల్పు రకం దొరికేదాకా వెతకాలి, దొరక్కపోతే తోలుది తీసుకోవాలి, అది కొన్నాళ్లకు కాలి మాట వింటుంది. రెక్జీన్ వినదు. లేసుల చెవులు పొడుగ్గా వదలొద్దు, పెడల్‌కు తగులుకుంటాయి, పట్టీ కిందికి దోపెయ్యాలి. కారెక్కే ముందు సోలును గుడ్డతో తుడవాలి. పిట్ గచ్చు మీద చుక్క ఆయిల్ తొక్కి వచ్చినా బ్రేకు మీద కాలు జారుతుంది.

ఇంత బిగుతు, ఇంత సన్నం ఎందుకని మీరు అడిగితే, పక్క గరాజ్‌లో ఉన్న సింగిల్ సీటర్ దగ్గరికి తీసుకుపోయి లోపలికి తొంగిచూడమన్నాడు. ముక్కు లోపలి చీకట్లో మూడు పెడల్స్, ఒకదానికొకటి ఆనుకున్నట్టే ఉన్నాయి. మీ పరుగు బూటు ఒక్కటి పెడితే రెండు పెడల్స్ మూతపడతాయి. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగినప్పుడు వాటికి క్లచ్చే లేదు, కాలికి ఒక పెడల్. ఎడమకాలు పూర్తిగా బ్రేకుకే. అయినా బూటు ఇంతే సన్నం. ఫార్ములా వన్‌లో బ్రేకు మీద నూరు కిలోల పైన బరువు వేస్తారు, దాన్నీ ఇంత పల్చటి సోలులోంచే.

చివరి సెషన్ ఎండలో. తారు నుంచి వేడి లేస్తోంది, కారు అడుగు కూడా కాలుతోంది, బూటు లోపల సాక్సు తడిసి ముద్దయింది. కుడి పిక్క పట్టేస్తోంది. అలసిన కాలు మొదట మర్చిపోయేది వదలడాన్నే. రెండు మలుపుల్లో బ్రేకు ఒక్కసారిగా వదిలేశారు, కారు ముక్కు లేచి బయటికి జరిగింది. బూటు ఆ తప్పును దాచలేదు, అరికాలిలో స్పష్టంగా చెప్పింది. ఇంకో చుట్టు మిగిలి ఉండగానే మీరే చెయ్యి ఎత్తి పిట్‌లోకి వచ్చేశారు.

ఆయన తలుపు తీసి చెయ్యి చాచాడు. "బూట్లు విప్పియ్యి. వాటితో నెల్లూరు దాకా పోతే రేపు కుంటుతావు. కాన్వాసువి తొడుక్కుని పో, వచ్చేసారి తెచ్చియ్యి."

"మరి నావి, అన్నా?"

"డిక్కీలో పెట్టు. పొద్దున్నే వాకింగుకు పోవా ఏంది?"